రాజు తలుచుకుంటే చట్టం ఆగుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. ఇంగ్లాండులో ఉద్యోగం. వచ్చే నెల బ్రిటిష్ పౌరసత్వం తీసుకుంటున్నాను. చార్లెస్ రాజుకు, ఆయన వారసులకు విధేయుడిగా ఉంటానని ప్రమాణం చేయాలట. రాజు ఉత్సవ విగ్రహమే అంటారు కదా, మరి ఈ ప్రమాణం దేనికి? రేపు ఆయన పార్లమెంటు బిల్లును ఆపేస్తే నేను ఎవరి మాట వినాలి?

జవాబు: ప్రమాణ పాఠం చివరిదాకా చదవండి. ‘చట్టం ప్రకారం’ అనే మాట ఉంటుంది. మీ టెన్షన్‌కు సగం మందు అదే. మీరు విధేయులయ్యేది చట్టానికి లోబడిన సింహాసనానికి, ఆ మనిషి ఇష్టాయిష్టాలకు కాదు. దేవుడి పేరు వద్దనుకుంటే వేరే పాఠం కూడా ఉంది.

ఇక బిల్లు సంగతి. కాగితం మీదైతే ఆపగలరు. రాజు సమ్మతి లేనిదే ఏ బిల్లూ చట్టం కాదు. కానీ చివరిసారి కాదన్నది 1708లో ఆన్ రాణి, స్కాట్లాండ్ మిలీషియా (స్థానిక పౌర సైన్యం) బిల్లు విషయంలో. అదీ మంత్రుల సలహా మీదే. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా పాటించాలని 74వ అధికరణంలో రాసిపెట్టుకున్నాం. వాళ్లకు అలా రాసిన రాజ్యాంగం లేదు, ఆనవాయితీయే దిక్కు. ఒకవేళ ఆపినా మీకు చిక్కేమీ లేదు. సమ్మతి రాని బిల్లు బిల్లుగానే ఉంటుంది, మీరు పాటించాల్సింది అమల్లో ఉన్న చట్టాన్నే.

నన్నడిగితే భయపడాల్సింది రాజుకు కాదు, ఆయన పేరు చెప్పి అధికారం నడిపే మంత్రులకు. 2019 ఆగస్టులో ప్రధాని బోరిస్ జాన్సన్ సలహాపై ఎలిజబెత్ రాణి పార్లమెంటును ఐదు వారాలు ప్రొరోగ్ చేయడానికి, అంటే సమావేశాలు నిలిపేయడానికి, ఒప్పుకున్నారు. సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టు జడ్జీలు 11 మందీ ఒకే మాటగా అది చట్టవిరుద్ధం, చెల్లదు అన్నారు. ఉత్తర్వు రాణి పేరు మీద, తప్పు ప్రధాని మీద.

అలాగని రాజు దగ్గర ఏమీ లేదనుకోకండి. ఆయన ఆస్తులకో ప్రత్యేకాధికారాలకో తగిలే బిల్లుకైతే, పార్లమెంటు ఆమోదించేలోపే విడిగా ఆయన అంగీకారం కావాలి. ఈ చాటు వ్యవహారం నాకు నచ్చదు. 1999లో ఇరాక్‌పై సైనిక దాడుల నిర్ణయాన్ని పార్లమెంటుకు అప్పగించాలన్న ఒక ఎంపీ బిల్లు ఇలాగే చర్చకు రాకుండా పోయింది. రాణి అంగీకారం రాలేదు. ఇవ్వొద్దని సలహా చెప్పింది మళ్లీ ప్రభుత్వమే!

మీరు అడగని విషయం ఒకటి. బ్రిటిష్ పౌరులైన క్షణం, 1955 నాటి మన పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ కింద మీ భారత పౌరసత్వం పోతుంది. ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేసి ఓసీఐ కార్డుకు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) అప్లై చేసుకోండి. సంక్రాంతికి ఊరు రావాలంటే ఆ పని ముందు చూసుకోండి.