గోప్యత, రహస్యం, గుట్టు: పోలీసు రికార్డుకు ఏ మాట?

సందేహం: మాది గుంతకల్లు. డిగ్రీ చదువుతున్నాను. ‘పోలీసు రికార్డుల గోప్యత – ప్రజల సమాచార హక్కు’ అని వ్యాసం రాశాను. ప్రైవసీ అనే అర్థంలో ‘గోప్యత’ వాడాను. మా లెక్చరర్ చదివి, “గోప్యత అంటే రహస్యమే కదా, మరి పోలీసులు దాచిపెట్టేది కూడా గోప్యతేనా?” అన్నారు. రెండూ ఒకటేనా? ఇంకొకటి: పేపర్లలో ఒకే మనిషిని నిందితుడు, ముద్దాయి, నేరస్థుడు అని మార్చిమార్చి రాస్తుంటారు. ఏది సరైనది?

సమాధానం: అమ్మా, మీ లెక్చరర్ గారు పట్టుకున్నది చిన్న విషయం కాదు. ఈ రెండు మాటలను మనం కలిపేశాం. దానివల్ల జరిగే నష్టం భాషతోనే ఆగదు.

‘గోప్యం’ సంస్కృతంలోని గుప్ ధాతువు నుంచి వచ్చింది. ‘గుపూ రక్షణే’ అంటుంది ధాతుపాఠం. అంటే కాపాడటం. గోప్యం అంటే కాపాడదగినది. ‘రహస్యం’లో ఉన్న రహస్ అంటే ఏకాంతం, జనం లేని చోటు. వ్యుత్పత్తిని బట్టి చూస్తే ప్రైవసీకి రహస్యమే దగ్గర. కానీ మాటకు అర్థం ఇచ్చేది వాడుక. ఈ రోజు తెలుగువాడికి రహస్యం అంటే ఎదుటివాడికి తెలియకుండా దాచింది. వాడుకే మనకు ప్రమాణం.

అచ్చ తెలుగులో దీనికి ‘గుట్టు’ అనే మాట ఉంది. “వాళ్లు గుట్టుగా కాపురం చేసుకుంటున్నారు” అంటాం. అది మెప్పుకోలు. అదే వాక్యంలో గుట్టు తీసేసి “రహస్యంగా కాపురం చేస్తున్నారు” అని చూడండి, ఊరంతా చెవులు కొరుక్కుంటుంది. ప్రైవసీ అంటే ఈ గుట్టే. తప్పు చేసి దాచుకోవడం కాదు, మన బతుకు మనం మర్యాదగా బతకడం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ప్రాథమిక హక్కు అని తేల్చింది దీన్నే. చట్టం గురించి రాసేటప్పుడు ‘గుట్టు’ పొసగదు కాబట్టి ‘వ్యక్తిగత గోప్యత’ అని రాస్తున్నాం. అది సరైన మాటే.

తప్పు ఎక్కడంటే, ఒక ఆఫీసు తన ఫైలు చూపించకపోవడాన్ని కూడా గోప్యత అనడంలో. ఆఫీసుకు గుట్టు ఏముంటుంది? దానికి ఉండేది రహస్యం. దర్యాప్తుకు, అరెస్టుకు అడ్డుపడే సమాచారాన్ని ఇవ్వనక్కర్లేదని 2005 నాటి సమాచార హక్కు చట్టం ఎనిమిదో సెక్షన్ చెబుతుంది. అది న్యాయమే, దొంగను పట్టుకోకముందే పోలీసుల ఆలోచన దొంగకు తెలియకూడదు. కానీ ఆ రహస్యానికి గడువు ఉంది, దర్యాప్తు, విచారణ ముగిస్తే దాచడానికి ఆ కారణం మిగలదు. అత్యాచార బాధితురాలి పేరు అలా కాదు. కేసు ముగిసినా ఆమె పేరు ఊరికే అచ్చు వేయకూడదు. పాత శిక్షాస్మృతి 228ఎ సెక్షన్ చెప్పిన ఈ మాటను 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కొనసాగించింది. మొదటిది రహస్యం, రెండోది గోప్యత. రెండింటికీ ఒకే మాట వాడితే, చూపించాల్సిన ఫైలు మూసేయడానికి మనిషి మర్యాదను అడ్డం పెట్టుకునే వీలు మనమే ఇచ్చినట్టు అవుతుంది.

ఇక రెండో సందేహం. ‘ముద్దాయి’ కథ వింతగా ఉంటుంది. అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చిన ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. ఎవరి మీద వేశాడో ఆయన ‘ముద్దాఅలైహ్’. కర్నూలులో, కడపలో ఉర్దూ తెలిసిన పెద్దవాళ్లను అడగండి, ఇదే చెబుతారు. తెలుగుకు వచ్చేసరికి మాట తలకిందులై, ముద్దాయి అంటే కేసులో ఇరుక్కున్నవాడు అయ్యాడు. ఇప్పుడు దాన్ని తిప్పలేం, తిప్పనక్కర్లేదు కూడా. కోర్టు విచారణ జరుగుతున్నప్పుడు ముద్దాయి అనవచ్చు.

‘నిందితుడు’ అంటే నింద పడినవాడు, అంతే. నింద నిజమని ఆ మాట చెప్పదు. ‘నేరస్థుడు’ మాత్రం తేల్చేస్తుంది. కోర్టు దోషి అన్నాకే ఆ మాట రాయాలి. ఎఫ్ఐఆర్‌లో పేరు ఉన్నంత మాత్రాన రాయకూడదు. ఎఫ్ఐఆర్‌ను ‘ప్రథమ సమాచార నివేదిక’ అనడం కూడా నాకు నచ్చదు. నివేదిక అనగానే ఎవరో విచారించి తేల్చినట్టు ఉంటుంది. అది స్టేషన్‌కు మొదట అందిన సమాచారం, ఫిర్యాది చెప్పింది చెప్పినట్టు రాసుకున్నది. మన సీమ జనం ఈ తేడా బాగా పాటిస్తారు: “వాడు కేసు పెట్టినాడు, పోలీసులు కేసు కట్టినారు” అంటారు. పెట్టేది ఒకరు, కట్టేది ఒకరు. తేల్చేది ఇద్దరూ కాదు.

ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులను మినహాయించింది. ఆ ఆదేశం మంచిదే. తన మీద ఏం రాశారో తెలియక స్టేషన్ చుట్టూ తిరిగే పేదవాడికి అది అండ. అయితే అలా అందరికీ కనిపించే కాగితం నుంచి వార్త రాసేవాళ్లు మాట విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

కడపలో మా వీధిలో ఒకామె కొడుకు మీద తిరునాళ్లలో జరిగిన కొట్లాటలో కేసు కట్టినారు. చాలా ఏళ్లకు కోర్టు కొట్టేసింది. ఆమె తీర్పు నకలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని మా ఇంటికి వచ్చింది. “ఈడ ఏం రాసినారో గట్టిగా చదువు సార్” అనింది. ఇంగ్లిషులో ఉన్నదాన్ని చదివి, నిర్దోషి అని చెప్పాను. ఇంకోసారి చెప్పించుకుంది. అదే కవర్లో మడతలు చినిగిన పాత పేపర్ ముక్క ఒకటి ఉంది. కొడుకు పేరు పక్కన ‘నేరస్థుడు’ అని అచ్చయి ఉంది. రెండు కాగితాలూ ఆమె కలిపే దాచుకుంది.

మీ వ్యాసంలో కేసు నడుస్తున్నంతకాలం ‘నిందితుడు’ అని రాయండి, కోర్టు కొట్టేశాక ఆ మాట కూడా తీసేయండి. శీర్షికలో ‘పోలీసు రికార్డుల గోప్యత’ను ‘పోలీసు రికార్డుల్లో మనుషుల గోప్యత’ అని మార్చండి. అప్పుడు మీ లెక్చరర్ గారి ప్రశ్నకు శీర్షికలోనే జవాబు దొరుకుతుంది.