బదులు చెప్పే ముందు

నాయనా,

మొన్న అమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది, గంట తర్వాత నువ్వు చేసి నీ బాధ చెప్పుకున్నావు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమే, మాటే చేరడం లేదు. భార్యాభర్తలకు మాట్లాడుకోవడం నేర్పే క్లాసులకు పోదామంటే "మనకేం ఖర్మ" అన్నావంట. మీ పెద్దనాన్నా నేనూ పెళ్ళయిన 26 ఏళ్ళకు పోయినాం, ఇక్కడే అనంతపురంలో, నాలుగు ఆదివారాలు.

అక్కడ నేర్పింది అమెరికాలోని డెన్వర్ యూనివర్సిటీలో హోవర్డ్ మార్క్‌మన్ అనే ఆయనా, తోటివాళ్ళూ కలిసి తయారుచేసిన పద్ధతి. ఒకరు చెప్తుంటే రెండోవాళ్ళు వినాలి, విన్నది తమ మాటల్లో తిరిగి చెప్పి "ఇదేనా నువ్వన్నది?" అని అడగాలి, ఔనన్నాకే తమ వంతు. ఏదో ఒక వస్తువు పెట్టుకోవాలి, అది చేతిలో ఉన్నవాళ్ళదే మాట్లాడే వంతు. మాకు బీరువా తాళాల గుత్తి.

మొదటిరోజు నేను "మీ తమ్మునికి డబ్బులిచ్చే ముందు నాకొక మాట చెప్పింటే బాగుండేది" అన్నా. పెద్దనాన్న "నా తమ్మునికి ఇయ్యొద్దంటున్నావు" అన్నాడు. నేర్పే ఆమె ఆపి, మళ్ళీ చెప్పమంది. రెండోసారీ అంతే. మూడోసారి కాసేపు ఊరకుండి, "ఇచ్చినందుకు కాదు, నిన్ను అడక్కుండా ఇచ్చినందుకు నొచ్చుకున్నావు" అన్నాడు. పదకొండేళ్ళనాటి మాట అది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆయన డబ్బుల సంగతిలో తన తప్పేం లేదని అప్పుడూ అన్నాడు, ఇప్పుడూ అంటాడు. తిరిగి చెప్పడమంటే ఒప్పుకోవడం కాదు, అది గుర్తుపెట్టుకో.

మీ సంగతీ ఇట్లాంటిదే. ఆమె "ప్రతి ఆదివారం తాడిపత్రేనా?" అంటే నీకు "మీ అమ్మ దగ్గరికి పోవద్దు" అని వినపడింది. నాతో ఆమె అన్నది వేరే, నెలకొక ఆదివారం మీరిద్దరే ఉండాలని. నువ్వే అడిగి విను.

ఇంకొకటి, కోపమొస్తే చెప్పకుండా బండేసుకుని టవర్ క్లాక్ దాకా పోతావే, అట్లా చెప్పకుండా పోవడం మానుకో. గుండె దడదడ కొట్టుకునేటప్పుడు ఎవరి మాటా తలకెక్కదు, నెమ్మదించడానికి కనీసం 20 నిమిషాలు కావాలంటారు. కాబట్టి పో, కానీ "అర్ధగంటలో వస్తా, అప్పుడు మాట్లాడుకుందాం" అని చెప్పి పో, చెప్పిన టైముకు రా. ఆమెకు టెన్షన్ అంతా నువ్వు ఎప్పుడొస్తావో తెలియకనే.

చెయ్యి చేసుకునే ఇంట్లో ఈ క్లాసులు పనికిరావు, అక్కడ ముందు ఆడపిల్లకు రక్షణ కావాలి, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి. మీ ఇంట్లో ఆ భయం లేదని అమ్మాయిని విడిగా అడిగి తెలుసుకున్నాకే ఇదంతా రాస్తున్నా.

క్లాసు దొరికేదాకా ఇంట్లోనే మొదలుపెట్టండి. పెనుకొండ నుంచి షిఫ్టు దిగి వచ్చిన రాత్రి వద్దు, నీకు ఒంట్లో ఓపిక ఉండదు. సెలవురోజు, అన్నాలు తిన్నాక, ఫోన్లు లోపలి గదిలో పెట్టి పావుగంట. తాడిపత్రి సంగతి ఇప్పుడే ఎత్తొద్దు, ముందు చిన్నది ఏదైనా తీసుకోండి, గ్యాస్ ఎవరు బుక్ చేయాలనేదైనా సరే. తాళాల గుత్తి మొదట ఆమె చేతికియ్యి.

మీ పెద్దమ్మ