ఆ నాలుగు బ్యాగులు ఎవరిచ్చారు డాక్టర్ గారూ?

పోయిన సంచికలో రక్తదానం గురించి ఏవైనా అడగాలనుకుంటే రాయమన్నాను కదా, ఇన్ని ఉత్తరాలొస్తాయని నిజంగా అనుకోలేదు. చాలావరకు ఎవరివ్వచ్చు, ఎన్నాళ్లకోసారి ఇవ్వచ్చు అన్నవే. వాటికి మీ దగ్గర్లోని బ్లడ్ బ్యాంక్ వాళ్లు మీ బరువు, బీపీ, హిమోగ్లోబిన్ చూసి చెప్పేదే సరైన జవాబు కాబట్టి వాటిని పక్కన పెట్టి, చదివాక నన్ను కాసేపు కదలనివ్వని ఉత్తరాలు కొన్ని తీసుకున్నా. ఇరవై రెండేళ్లు బ్లడ్ బ్యాంక్‌లోనే పని చేశాను, అక్కడ చూసిందే చెప్తాను.

డాక్టర్ గారూ, ఎనిమిది నెలల కిందట నాకు డెలివరీ అయింది. బాబు పుట్టిన అరగంటకి బ్లీడింగ్ మొదలై ఆగలేదు. నాలుగు బ్యాగుల రక్తం ఎక్కించారట. నాకు గుర్తున్నది ఒక్కటే, చలికి పళ్లు టకటకా కొట్టుకుంటుంటే పక్కన స్టాండ్‌కి ఎర్రటి బ్యాగ్ వేలాడుతుండడం. ఇప్పుడు బాగానే ఉన్నా. బాబుకి పాలిస్తున్నప్పుడల్లా ఆ నలుగురు ఎవరా అనిపిస్తుంది. హాస్పిటల్‌లో అడిగితే పేర్లు చెప్పం అన్నారు. నేను బతికున్నానని వాళ్లకి ఎలా తెలుస్తుంది? — ఒక తల్లి

తెలియదమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తున్నా, ఎందుకంటే మిమ్మల్ని ఊరించడం నాకిష్టం లేదు. బ్యాగ్ మీద పేరుండదు, ఒక నంబరు, గ్రూపు, తీసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ, అంతే. పేర్లు దాచేది మీ ఇద్దరి మంచికే. ఇచ్చినవాళ్లని ఎవరూ వెతుక్కుంటూ వెళ్లి మళ్లీ ఇవ్వమని ఒత్తిడి పెట్టకూడదు, పుచ్చుకున్నవాళ్లు ఫలానా మనిషికి నేను జీవితాంతం బాకీ అని తల దించుకుని బతక్కూడదు.

కానీ ఒక విషయం మీకు చెప్పాలనుంది. డెలివరీ తర్వాత అంత బ్లీడింగ్ అవుతుంటే మనుషుల్ని పిలిచి, టెస్టులు చేసి, రక్తం తీసి ఎక్కించేంత టైం ఉండదు. మీకెక్కించిన బ్యాగులు అప్పటికే ఫ్రిజ్‌లో ఉన్నవే, 2 నుంచి 6 డిగ్రీల మధ్య. ఎర్ర కణాలని అలా 42 రోజుల దాకా ఉంచచ్చు. అంటే మీకు ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడే, మీరు బాబు బట్టలు సర్దుకుంటున్న రోజుల్లోనే, ఎవరో ఒకాయన పని మధ్యలో వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచి పడుకుని ఒక బ్యాగ్ ఇచ్చి మళ్లీ పనికి వెళ్లిపోయుంటారు. ఆయనకి మీరు తెలీదు, మీకు అలాంటిదొకటి జరుగుతుందని మీక్కూడా తెలీదు.

స్వీడన్‌లో స్టాక్‌హోమ్ బ్లడ్ సర్వీస్ వాళ్లు ఇచ్చిన రక్తం వాడినప్పుడు డోనర్ ఫోన్‌కి ఒక మెసేజ్ పంపుతారు. ఎవరికో చెప్పరు, వాడామని మాత్రం చెప్తారు. అన్నిచోట్లా ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది నాకు. అది లేని చోట మీరొక పని చేయచ్చు, ఆ బ్లడ్ బ్యాంక్‌కి పేరు లేకుండా ఉత్తరం రాయండి, ఇప్పుడు నాకు రాసిందే రాయండి చాలు. మా దగ్గర రెండో మంచం పక్క గోడకి అలాంటి ఉత్తరం ఒకటి అంటించి ఉండేది, పెన్సిల్‌తో రాసింది. చేతిలో రబ్బరు బంతి నొక్కుతూ డోనర్లు తల తిప్పి దాన్ని చదవడం, చదివాక బంతి నొక్కడం మర్చిపోయి ఆగిపోవడం, నేను వెళ్లి నొక్కండి నొక్కండి అనడం... అది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. టేపు ఊడిపోతే మళ్లీ మళ్లీ అంటించేవాళ్లం.

మీరూ ఇవ్వాలనుకుంటున్నారేమో, తొందరపడొద్దు. బాబు పాలు మానాలి, మీ ఒంట్లో ఐరన్ నిండాలి. పైగా రక్తం ఎక్కించుకున్నవాళ్లని కొన్ని దేశాల్లో కొంతకాలం ఆగమంటారు, కొన్నిచోట్ల అసలు తీసుకోరు. అడిగి వెళ్లండి.

మేడమ్, మా పాపకి ఆరేళ్లు, తలసేమియా మేజర్. ఒంట్లో రక్తం సరిగ్గా తయారవదు, మూడు వారాలకోసారి ఎక్కించాలి. ప్రతిసారీ ఫోన్ పట్టుకుని తెలిసినవాళ్లందర్నీ అడగాలి. కొందరు నా నంబర్ చూసి ఎత్తడం మానేశారు. మా ఆవిడది, పాపది ఒకటే గ్రూపు, నాదే ఎక్కించండి అని తను ఏడుస్తుంది, హాస్పిటల్ వాళ్లు వద్దంటున్నారు. ఎందుకు? — ఒక నాన్న

అన్నా, మీ ఆవిడకి ఇది నెమ్మదిగా చెప్పండి. దగ్గరి రక్తసంబంధీకుల తెల్ల కణాలు పాప కణాలకి బాగా దగ్గరగా ఉంటాయి, అందుకని పాప ఒళ్లు వాటిని పరాయివి అని గుర్తుపట్టక ఉండనిచ్చేస్తుంది. అవి లోపలే ఉండిపోయి పాప శరీరం మీదే దాడి మొదలుపెట్టే ప్రమాదం ఉంది. అరుదే, కానీ వస్తే బతకడం చాలా కష్టం. అందుకే ఇంట్లోవాళ్లది ఎక్కించాల్సి వస్తే ఆ తెల్ల కణాలు లోపల పెరగకుండా ముందు ఆ బ్యాగ్‌కి రేడియేషన్ ఇస్తారు. ఇంకోటి, రేపు పాపకి బోన్ మారో, అంటే రక్తం తయారయ్యే ఎముక మూలుగు, మార్పిడి చేద్దామంటే అది ఇంట్లోవాళ్ల నుంచే దొరికే అవకాశం ఎక్కువ, ఇప్పుడే వాళ్ల రక్తం ఎక్కించేస్తే పాప ఒళ్లు ఆ మారోని తిప్పికొట్టచ్చు. అంటే మీ ఆవిడ ఇప్పుడు ఆగుతున్నది కూడా పాప కోసమే. అయినా లెక్క చూడండి, మూడు వారాలకోసారి అంటే ఏడాదికి పదిహేడు సార్లు, ఒక మనిషి ఆరోగ్యం చెడకుండా ఇవ్వగలిగేది మూడు నాలుగుసార్లు. తను ఇవ్వాలనుకుంటే మామూలు డోనర్‌గా ఇవ్వమనండి, అది ఇంకో పాపకి వెళ్తుంది.

మీ ఫోన్ సంగతి చదివి మాత్రం నాకు కోపమొచ్చింది, మీ మీద కాదు, ఫోన్ ఎత్తని వాళ్ల మీదా కాదు. పిల్ల నాలుగు మెట్లెక్కి ఐదో మెట్టు మీద కూర్చుండిపోతుంటే చూసి, ఆ రాత్రి తండ్రి రక్తం కోసం ఊరంతా అడుక్కోవాల్సి రావడం తప్పు. 1921లో లండన్‌లో పెర్సీ లేన్ ఆలివర్ అనే రెడ్ క్రాస్ కార్యకర్త, హాస్పిటల్ నుంచి రక్తం కావాలని ఫోనొచ్చాక, ఎప్పుడు పిలిచినా డబ్బు తీసుకోకుండా వచ్చేవాళ్ల జాబితా ఒకటి తయారు చేశాడు. 1937లో షికాగోలో బెర్నార్డ్ ఫాంటస్ అనే డాక్టర్ హాస్పిటల్‌లో రక్తం నిల్వ పెట్టి దానికి బ్లడ్ బ్యాంక్ అని పేరు పెట్టాడు. వందేళ్లుగా ఇంత పని జరిగింది దేనికి, మనిషి మంచాన ఉన్నప్పుడు అతని వాళ్లు రక్తం కోసం పరిగెత్తకుండా అతని పక్కన కూర్చోగలగడానికేగా.

అందాకా మీరు చేయగలిగింది చెప్తా. అందర్నీ ప్రతిసారీ అడక్కండి. ఓ ఇరవై మందిని ఒప్పించి ఒక్కొక్కళ్లకి ఏడాదికి ఒకే నెల చెప్పండి, మీది మార్చి, మీది జులై అని. వాళ్లొచ్చి బ్యాంక్‌కి ఇస్తారు, పాపకి సరిపడే బ్యాగ్ బ్యాంక్ చూస్తుంది. ఏడాదికోసారి అంటే ఎవరూ ఫోన్ ఎత్తడం మానరు, నేను చూశాను. తలసేమియా పిల్లల సంఘాలు చాలాచోట్ల ఉన్నాయి, అందులో చేరండి. ఏబీఓ, ఆర్‌హెచ్ డి, అంటే మామూలుగా చూసే ఎ, బి, ఓ, పాజిటివ్, నెగటివ్ ఒక్కటే కాకుండా మిగతా ఆర్‌హెచ్, కెల్ గ్రూపులు కూడా కలిసేలా చూడమని అడగండి, లేకపోతే పోనుపోను ఒంట్లో ఎక్కించిన రక్తాన్ని ఎదిరించే యాంటీబాడీస్ పుట్టి సరిపడే రక్తం దొరకడమే కష్టమవుతుంది. ఐరన్ తీసేసే మందు ఒక్కరోజు కూడా మానొద్దు, ఒక్కో బ్యాగ్‌తో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ లోపలికెళ్తుంది, దాన్ని బయటకి పంపే దారి ఒంటికి లేదు, అది గుండెలో, లివర్‌లో పేరుకుంటుంది.

మొదటిసారి రక్తం ఇచ్చి లేచి నాలుగడుగులు వేశానో లేదో కళ్లు తిరిగి పడిపోయా మేడమ్. ఫ్రెండ్స్ ఇంకా ఏడిపిస్తున్నారు. మళ్లీ వెళ్లాలనుంది, భయంగానూ ఉంది. — డిగ్రీ స్టూడెంట్

తమ్ముడూ, నువ్వు పడిపోయింది రక్తం తక్కువై కాదు. పెద్ద మనిషి ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది, నీ దగ్గర తీసింది 350 లేదా 450 మిల్లీలీటర్లు. తగ్గిన నీరు ఒకట్రెండు రోజుల్లోనే నిండిపోతుంది, ఎర్ర కణాలకి మాత్రం వారాలు పడుతుంది. భయానికో, గబుక్కున లేవడానికో ఒక నరం గుండె వేగం తగ్గించేస్తుంది, బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. కొత్తవాళ్లలో, కుర్రాళ్లలో ఇది ఎక్కువే.

ఈసారి కడుపు నిండా తిని వెళ్లు, పడుకునే ముందు అర లీటరు మంచినీళ్లు తాగు. సూది ఉన్నంతసేపూ తొడలు, పిక్కలు బిగించి వదులుతూ ఉండు. పోయినసారి పడిపోయానని నర్సుకి ముందే చెప్పు, సిగ్గుపడకు. అయ్యాక పావుగంట లేవకు.

ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అని ఒకాయన ఉండేవారు. పద్నాలుగేళ్లప్పుడు పెద్ద ఆపరేషనై ఎవరెవరిదో రక్తంతో బతికారు, అందుకని 1954లో ఇవ్వడం మొదలుపెట్టి 2018లో 81 ఏళ్లకి ఆపేదాకా 1173 సార్లు ఇచ్చారు, ఎక్కువగా ప్లాస్మా, అంటే రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవం. తల్లి గ్రూపు నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయినప్పుడు తల్లి ఒళ్లు బిడ్డ రక్త కణాలని ఎదిరించకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ తయారీకి కావాల్సింది ఆయన ప్లాస్మాలో దండిగా ఉండేది. 24 లక్షల మంది పిల్లల ప్రాణాలకి అది అడ్డం పడిందని అక్కడి రెడ్ క్రాస్ లెక్క, ఆయన సొంత కూతురికీ ఆ ఇంజెక్షన్ చేశారు. ఆయనకి సూదంటే భయం, గుచ్చేటప్పుడు అటు చూసేవారే కాదు. నువ్వూ చూడకు.

మూడుసార్లు వెళ్లా, మూడుసార్లూ హిమోగ్లోబిన్ తక్కువని పంపేశారు. చివరిసారి 10.8. నేనెవరికీ పనికిరానా? — ఓ చెల్లి

అలా అనుకోకు తల్లీ. 12.5 లేకపోతే చాలాచోట్ల తీసుకోరు, అది నీ కోసం పెట్టిన గీత. మూడుసార్లు తక్కువొచ్చిందంటే ముందు నువ్వు డాక్టర్ దగ్గరికెళ్లి ఎందుకు తక్కువుందో చూపించుకోవాలి, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ టెస్ట్ చేయించమను, ఐరన్ టాబ్లెట్స్ రాస్తే నంబరు పెరగగానే ఆపేయకుండా చెప్పినన్నాళ్లూ వాడు. మా దగ్గరికి నీలాగే ఒకమ్మాయి వచ్చేది, తను ఇవ్వలేక, మొదటిసారి ఇచ్చేవాళ్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని కబుర్లు చెప్పేది. ఆ అమ్మాయి ఉన్న రోజు కళ్లు తిరిగి పడేవాళ్లు తక్కువ.

రక్తం ఇచ్చిన వారానికి బ్లడ్ బ్యాంక్ నుంచి ఫోన్ చేసి రమ్మన్నారు. హెపటైటిస్ బి రియాక్టివ్ అన్నారు. నేను మంచి చేద్దామని వెళ్లాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు, రాత్రుళ్లు నిద్ర లేదు. — పేరు వద్దు

ఆ కౌన్సెలింగ్ కుర్చీలో మీ ఎదురుగా కూర్చున్నది చాలాసార్లు నేనే, అందుకే మీ మొహం కళ్లకి కడుతోంది. మొదటి మాట, అది స్క్రీనింగ్ టెస్ట్ మాత్రమే, మళ్లీ చేసి నిర్ధారించుకోవాలి, కొందరికి రెండోసారి ఏమీ ఉండదు. ఉందనే తేలినా అది అదుపులో పెట్టుకోగలిగే లివర్ జబ్బు, అందరికీ మందు కూడా అక్కర్లేదు, ఆర్నెల్లకోసారి టెస్టులు చేయించుకుంటూ డాక్టర్ చెప్పినట్టు వెళ్తే చాలామంది మామూలుగానే బతుకుతారు. మీ రక్తం ఎవరికీ ఎక్కించరు, ఆ విషయంలో మనసు కుదుటపరచుకోండి. ఇంట్లో మాత్రం ఈ రోజే చెప్పండి, వాళ్లకి టెస్ట్ చేయించి, లేనివాళ్లకి వ్యాక్సిన్ వేయించచ్చు, మీరు ఆలస్యం చేస్తే ఆ అవకాశం పోతుంది. చెడ్డ పని చేస్తేనే వస్తుందనుకునేవాళ్లున్నారు, పుట్టేటప్పుడు తల్లి నుంచి వచ్చి ముప్ఫై నలభై ఏళ్లు తెలియకుండా ఉండిపోయేవాళ్లే ఎంతోమంది.

వేరేవాళ్ల రక్తం ఎక్కితే వాళ్ల కోపం, బుద్ధులు కూడా వస్తాయా? మా అత్తయ్య గట్టిగా నమ్ముతుంది.

రావు. ఎర్ర కణాల్లో జన్యువులుండే కేంద్రకమే ఉండదు, పైగా ఒక కణం బతికేది మహా అయితే 120 రోజులు. ఒకవేళ రక్తం ఎక్కించుకున్నా, నాలుగు నెలలకి మీ అత్తయ్య ఒంట్లో ఉండేదంతా ఆవిడ రక్తమే. ఈలోపు కోప్పడితే ఆ కోపం కూడా ఆవిడదే.

మా ఫ్రెండ్ వాళ్ల నాన్నకి బ్లడ్ కేన్సర్. రెండుసార్లు ప్లేట్‌లెట్స్ ఇచ్చా. మొదటిసారి ఎక్కించిన మర్నాడు సాయంత్రం ఆయన లేచి కూర్చుని మావాడితో చాలాసేపు మాట్లాడారట. పదకొండో రోజు పోయారు. అందరూ మంచి పని చేశావంటున్నారు, నాకు మాత్రం వృథా అయిందనే ఉంది. — ఒక డోనర్

ప్లేట్‌లెట్స్ అంటే రక్తం గడ్డకట్టించే కణాలు. మంచి ప్లేట్‌లెట్స్ బ్యాగ్‌ని లైటుకి ఎదురుగా పెట్టి మెల్లగా ఊపితే లోపల సన్నటి మెరుపు పొగలాగా సుడి తిరుగుతుంది. ఎక్కించే ముందు మేం అలా చూస్తాం, చచ్చిపోయిన ప్లేట్‌లెట్స్ అలా తిరగవు. మెషిన్ పక్కన గంటపైన కదలకుండా కూర్చుని మీరిచ్చింది అది. దాన్ని మామూలుగా 5 నుంచి 7 రోజులకి మించి దాచలేం, ఒంట్లోకి వెళ్లాక కూడా దాని పని కొన్ని రోజులే. ఆ కొన్ని రోజులూ చిగుళ్లలోంచి, ముక్కులోంచి, అన్నిటికన్నా భయమైనది తలలో, రక్తం కారకుండా అది కాపలా కాస్తుంది. అది జబ్బుని తగ్గించేది కాదు, తగ్గిస్తుందని మీకెవరైనా చెప్పుంటే తప్పు చెప్పారు.

ప్లేట్‌లెట్స్ అడుగంటిన మనిషి లేచి కూర్చుని చాలాసేపు మాట్లాడడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆ సాయంత్రంలో మీ వాటా ఉంది.

మీ ఫ్రెండ్ కొంచెం తేరుకున్నాక ఒకసారి అడగండి, ఆ రోజు నాన్న ఏం మాట్లాడారో. చెప్పాలనిపిస్తే చెప్తాడు.