కార్సెట్‌లో స్టీలుకు బదులు ప్లాస్టిక్ బద్దలు: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాను, మగవాణ్ని. కొలతలు పంపి బెంగళూరు డిజైనర్ దగ్గర 18,500 రూపాయలకు కార్సెట్ (లోపల బద్దలు పెట్టి నడుమును బిగించే దుస్తు) కుట్టించుకున్నాను. బిల్లు అడగలేదు, వాళ్ల వ్యక్తిగత నంబరుకు యూపీఐ చేశాను, మాటలన్నీ ఫోన్లోనే. నడుము దగ్గర బాగా బిగుతుగా వచ్చింది. బద్దలు కూడా చెప్పినట్టు స్టీలువి కావు, ప్లాస్టిక్‌వి. అడిగితే ‘కస్టమ్ ఆర్డర్‌కి రిటర్న్ లేదు’ అన్నారు. పార్సిల్ వచ్చి 20 నెలలైంది. ఇప్పుడు ఫోన్ చేసి, తిరిగి పంపితే సగం డబ్బు ఇస్తామంటున్నారు. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు, కోర్టులోనూ నవ్వుతారేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, ఆ కార్సెట్‌ను పంపకండి. ఫోన్లో చెప్పిన మాట నమ్మి పంపితే డబ్బూ రాదు, సాక్ష్యమూ మిగలదు. ఇక్కడి టైలర్‌తో విప్పించి బద్దలు మార్పించడం కూడా అంతే ప్రమాదం. ఒక్క కుట్టు విప్పినా, ప్లాస్టిక్ పెట్టింది మీరేనని అవతలివాళ్లు అంటారు.

ఎవరు నవ్వారన్నది కేసుకు అనవసరం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చూసేది ఏం ఇస్తామన్నారు, ఎంత తీసుకున్నారు, ఏం ఇచ్చారు అన్నదే.

మీరు ముందు చెప్పింది నడుము బిగుతు గురించి. దాని మీద ఆశ పెట్టుకోకండి. కొలతలు తీసింది మీరే. పైగా కార్సెట్‌ను అసలు నడుము కంటే కొన్ని అంగుళాలు తగ్గించే కుడతారు. కేసును నిలబెట్టేది మీరు ఒక్క వాక్యంలో వదిలేసిన బద్దల సంగతి. స్టీలు ధర తీసుకుని ప్లాస్టిక్ పెడితే అది లోపమే. ఆర్డర్ ఇచ్చిన వస్తువే ఇవ్వనప్పుడు ‘రిటర్న్ లేదు’ అన్న షరతు వాళ్లను కాపాడదు.

మరి ‘స్టీలు’ అన్న మాట రాతలో ఎక్కడుంది? బిల్లు అడగలేదు, వ్యక్తిగత నంబరుకు యూపీఐ చేశారు, మాటలన్నీ ఫోన్లోనే అని రాశారు. ఇంత డబ్బు పెట్టే మనిషి చేయాల్సిన పనేనా ఇది? వాట్సాప్‌లో, వాళ్ల ప్రకటనలో ఆ మాట వెతకండి. దొరికితే స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. ఆ ఫోన్‌ను భద్రపరచండి. ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి. బద్దలకు అయస్కాంతం పెట్టి వీడియో తీయండి, ప్లాస్టిక్ అయితే అంటదు. కొన్ని స్టెయిన్‌లెస్ స్టీలు రకాలకు కూడా అయస్కాంతం అంటదు కాబట్టి అదొక్కటే రుజువు కాదు. అవసరమైతే ల్యాబ్ పరీక్షకు పంపమని వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చు.

వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీకు మిగిలింది నాలుగు నెలలు. రాజీ మాటలు సాగుతున్నాయని గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, బలమైన కారణం చూపాలి. నవ్వుతారని భయపడ్డానంటే వినరు.

ఈ వారమే స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు పంపండి. జవాబు రాకపోతే మీరు ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, బెంగళూరు వెళ్లక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో కూడా వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. మధ్యలో రాజీకి వస్తే షరతులు రాయించుకుని, డబ్బు మీ ఖాతాలో పడ్డాకే కార్సెట్ పంపండి.