లాడ్జి తువ్వాలుతో హెచ్‌ఐవీ వస్తుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 26 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేస్తున్నాను. నాలుగు నెలల కిందట పని మీద బెజవాడ వెళ్లి, బస్టాండు దగ్గర లాడ్జిలో ఒక రాత్రి ఉన్నాను. అక్కడి తువ్వాలుతోనే ఒళ్లు తుడుచుకున్నాను. కమోడ్ తడిగా ఉంటే చూసుకోకుండా కూర్చున్నాను. తర్వాత గజ్జల్లో దురద మొదలైంది. ఇంతవరకూ ఎవరితోనూ శారీరక సంబంధం లేదు. అయినా భయమేసి నెల తర్వాత ఒకసారి, మూడు నెలలు దాటాక మరోసారి హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకున్నాను. రెండూ నెగెటివే. శ్రావణంలో పెళ్లి. ఆ అమ్మాయికి అన్యాయం చేస్తున్నానేమోనని నిద్ర పట్టడం లేదు. ఇంకోసారి చేయించుకోనా?

జవాబు: వద్దు బాబూ. మూడు నెలలు దాటాక నెగెటివ్ వస్తే ఇక లేనట్టే. అసలు ఆ రాత్రి మీకు పరీక్ష అవసరమయ్యే పనే జరగలేదు. హెచ్‌ఐవీ రక్తం, వీర్యం, యోని స్రావాలు, తల్లిపాల ద్వారా వస్తుంది. తువ్వాలు వల్లో, కమోడ్ వల్లో రాదు. సిఫిలిస్, గనేరియా లాంటి సుఖవ్యాధుల క్రిములు కూడా ఒంటి బయట ఎక్కువసేపు బతకలేవు.

తువ్వాలుతో రాగలిగినవి తామర, గజ్జి. మీ దురద చాలావరకు తామరే అయ్యుంటుంది. మన ఎండలకి, చెమటకి గజ్జల్లో అది రావడానికి లాడ్జి దాకా వెళ్లక్కర్లేదు. పైగా మిర్చి పట్టిన చేత్తో గోకితే మంట తోడవుతుంది. మెడికల్ షాపులో అడిగి ఏదైనా ట్యూబు కొని రాస్తున్నారా? అలా ఇచ్చేవాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు తగ్గినట్టే ఉండి తామర ఇంకా పాకుతుంది. రాస్తుంటే ఆ ట్యూబు డాక్టరుకి చూపించండి.

మీరు అడగలేదు గానీ, మంగలి షాపులో కొత్త బ్లేడు మాత్రం గట్టిగా అడగండి. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కూడా వారం రోజులు బతుకుతుంది. దానికి టీకా ఉంది, మూడు డోసులు. పెళ్లికి ముందే మొదలుపెట్టండి.

నాకు బెంగ మీ నిద్ర గురించే. రిపోర్టు చూసిన రెండు రోజులు ధైర్యంగా ఉండి, మూడో రోజు 'ల్యాబు వాళ్లు పొరపాటు చేశారేమో' అనిపిస్తోందా? అలాగైతే ఇంకో పది పరీక్షలు చేసినా ఆ భయం పోదు. దానికి వేరే వైద్యం ఉంది, బాగా పనిచేస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. పెళ్లి వాయిదా వేయకండి, ఆ అమ్మాయికి మీరు ఏ అన్యాయమూ చేయడం లేదు.

ఈ వారమే గుంటూరు పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి. హెచ్‌ఐవీ రిపోర్టులు వెంట తీసుకెళ్లక్కర్లేదు.