సాల్‌బుర్గ్ కోటకి అక్కయ్యని, బావగారిని తీసుకెళ్ళేముందు

బుజ్జీ,

అక్కయ్యా బావగారూ జూన్‌లో వస్తున్నారని, హైడెల్‌బర్గ్ కోట, రైన్ నదిలో బోటు, అన్నీ ప్లాన్ చేశావని మీ అత్త చెప్పింది. బాగానే ఉంది కానీ అందులో ఒక రోజు సాల్‌బుర్గ్ అనే రోమన్ల కోటకి కేటాయించు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎస్5 లోకల్ రైలు ఎక్కితే బాడ్ హోంబుర్గ్, అక్కడి నుంచి బస్సు. ఆదివారం అయితే రిటర్న్ బస్సు టైము ముందే ఫోన్లో చూసి పెట్టుకో, అక్కయ్య మోకాళ్ళతో స్టాపులో గంటసేపు నిలబడలేదు.

బావగారు గేటు దగ్గరే అడుగుతారు చూడు, "ఇది ఒరిజినలేనా?" అని. కాదని మొహమాటపడకుండా చెప్పేయి. కింద పునాదులు రోమన్లవి, పైన కనపడే గోడలు, గేట్లు, కప్పులు 1897 నుంచి 1907 మధ్యలో కైజర్, అంటే జర్మన్ చక్రవర్తి, రెండో విల్‌హెల్మ్ పూనుకుని కట్టించినవి. హోంబుర్గ్‌కి చెందిన లూయిస్ యాకోబి అనే ఆర్కిటెక్టు తవ్వకాలు చేసి మరీ కట్టాడు. మెయిన్ గేటు ముందు రోమన్ చక్రవర్తి ఆంటోనినస్ పయస్ కంచు విగ్రహం ఉంటుంది, దాని పీఠం మీద లాటిన్‌లో రోమన్ల చక్రవర్తికి జర్మన్ల చక్రవర్తి పెట్టినట్టు చెక్కారు, అంటే కైజర్ తన పేరు కూడా అదే లైన్లో చూసుకోవాలనుకున్నాడన్నమాట. నాకు ఆ పీఠం చూస్తే నవ్వొస్తుంది. బావగారికి నాగార్జునకొండ గుర్తుచెయ్యి, అక్కడ సాగర్ నీళ్ళలో మునిగిపోతాయని పాత కట్టడాలని కొండమీదకి తెచ్చి మళ్ళీ పేర్చారు, ఇక్కడ అలా కాదు, చోటు పాతదే, రాళ్ళే కొత్తవి.

అందుకని ప్రతి గోడ దగ్గరా ఇది రోమన్లదా, 1900 నాటి వాళ్ళ ఊహా అని అడుగుతూ తిరిగితేనే అక్కడ మజా. ఉదాహరణకి కోటగోడ మీద పళ్ళలా ఉన్నాయే, అవి ఒకదానికొకటి మరీ దగ్గరగా పెట్టేశారు. ఇంకా రోమన్ల కాలంలో గోడ అలా రాళ్ళు కనపడేట్టు ఉండేది కాదు, గిలాబా చేసి తెల్లగా ఉంచి, దానిమీద ఎర్ర రంగుతో రాళ్ళ మధ్య గీతలు గీసేవాళ్ళు. లోపలికి వెళ్ళాక పచ్చగడ్డి, చెట్లు చూసి అక్కయ్య పార్కులా ఉంది అంటుంది, కానీ అప్పట్లో ఇక్కడ ఖాళీ జాగా ఎక్కడిది, దాదాపు 500 మంది సైనికులు, వాళ్ళలో గుర్రపు రౌతులు కూడా, వాళ్ళ బారకాసులు, గుర్రాల కొట్టాలు అన్నీ కలిపి 3.2 హెక్టార్లలో ఇరుక్కుని ఉండేవి.

మళ్ళీ కట్టిన బారకాసుల్లోకి తప్పకుండా వెళ్ళండి. ఎనిమిది మందికి ఒక చిన్న గది, పెద్ద మెస్సు లాంటిదేం లేదు, ఎవరి గింజలు వాళ్ళే తిరగలిలో విసురుకుని రొట్టె కాల్చుకునేవాళ్ళు. ఆ తిరగళ్ళు చూస్తే అక్కయ్యకి ఎవరూ ఏమీ ఎక్స్‌ప్లెయిన్ చెయ్యక్కర్లేదు. ఈ సైనికులు రోమ్ నుంచి వచ్చినవాళ్ళు కాదు, రేషియా దళం, అంటే ఆల్ప్స్ వైపు పేరు. మామూలుగా ఇలాంటి సహాయక దళాల్లో 25 ఏళ్ళు చాకిరీ చేస్తే గానీ రోమన్ పౌరసత్వం వచ్చేది కాదు. ఇక్కడ ఉద్యోగానికి మనం తీసుకునే బ్లూ కార్డు పర్మిట్ బాధలు ఏపాటివిలే.

మ్యూజియం ధాన్యం కొట్టులో ఉంటుంది. ఆయుధాల దగ్గర ఎక్కువ టైము పెట్టొద్దు, చెప్పుల దగ్గరికి పో. బావుల అడుగున తడి బురదలో తోలు కుళ్ళకుండా మిగిలిపోయింది, అందులో ఆడవాళ్ళవి, పిల్లలవి కూడా ఉన్నాయి. దాన్నిబట్టి ఇది ఒట్టి మిలటరీ క్యాంపు కాదు, బయట సంసారాలతో ఊరే ఉండేదని తెలుస్తుంది. ఆ ఊరి ఇళ్ళ నేలమాళిగల గోడలు మెయిన్ గేటు బయట, స్నానశాల పునాదులతో సహా ఉన్నాయి, జనం వాటిని దాటుకుంటూ గబగబా లోపలికి పోతుంటారు, నువ్వు మాత్రం ఆగు, అవి అసలువి.

మిరియాల సంగతి కూడా బావగారికి చెప్పు, ఆయన ఊరికే సంబరపడతారు. జర్మనీలోనే ఒబెరాడెన్ అనే రోమన్ శిబిరంలో మిరియపు గింజలు దొరికాయి, అవి మన దక్షిణాది నుంచి ఓడెక్కినవే. అటునుంచి ఇటు వచ్చిన రోమన్ నాణేలు మన సంగారెడ్డి దగ్గర కొండాపూర్ తవ్వకాల్లో బయటపడ్డాయి. ఈ కోటకీ కొండాపూర్‌కీ డైరెక్టు లింకు ఉందని మాత్రం చెప్పకు, ఆయన వెంటనే వాట్సాప్‌లో పెట్టేస్తారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యం, కోట చూసేసి బస్సు ఎక్కేయకండి. వెనక గేటు దాటి అడవిలోకి కొంచెం నడిస్తే అసలు సరిహద్దు కనపడుతుంది, లిమెస్. చూడటానికి ఒక గుంత, పక్కన మట్టి కట్ట, అంతే, ఫోటోలో ఏమీ ఉండదు. ముందు చెక్క కంచె, తర్వాత గుంతా కట్టా వేశారు. రైన్ నుంచి డాన్యూబ్ దాకా దాదాపు 550 కిలోమీటర్లు, దారి పొడుగునా కాపలా బురుజులు. సైన్యాన్ని ఆపడానికి కాదది, ఎవరొస్తున్నారు ఎవరు పోతున్నారు, ఏం సరుకు తెస్తున్నారు అని కనిపెట్టడానికి, మన చెక్‌పోస్టులాగా. రోమ్‌లో వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటుంటే సుమారు క్రీ.శ. 260 ప్రాంతంలో ఈ కోట వదిలేసి వెళ్ళిపోయారు. 2005లో యునెస్కో లిస్టులో చేర్చింది ఆ సరిహద్దు మొత్తాన్ని. కోట అందులో ఒక ముక్క.

దారి మట్టి దారే కానీ వేళ్ళు అడ్డం వస్తాయి, అక్కయ్యకి చెప్పులు కాదు షూస్ వేయించు. టౌనస్ కొండ మీద కాబట్టి జూన్ అయినా చల్లగాలి ఉంటుంది, స్వెట్టర్ పెట్టు. లోపల తినడానికి చోటు ఉంది కానీ బావగారు బయట తినరు కదా, పులిహోర కట్టుకెళ్ళు. వర్షం వస్తే ముందు లిమెస్ వైపు వెళ్ళకుండా మ్యూజియంలో దూరండి, తగ్గాక అడవి చూసుకోవచ్చు.

మావయ్య