బంగారు తీగ చేపలో 100 క్రోమోజోములు ఎక్కడివి?

"జన్యువులన్నీ ఒకేసారి రెట్టింపయ్యాయని కోట్ల ఏళ్ల తర్వాత ఎలా తెలుస్తుంది?" అని ఒకరు అడిగారు. నెల్లూరు చెరువుల్లోనే సాక్ష్యం ఈదుతోంది. శీలావతికీ బొచ్చెకూ 50 క్రోమోజోములు, వాటి చుట్టమే అయిన బంగారు తీగకు 100. సుమారు కోటి ఏళ్ల కిందట రెండు వేరే జాతుల చేపలు కలిసి, రెండింటి జీనోమూ (మొత్తం జన్యువుల సెట్టు) ఒకే సంతతిలో నిలిచిపోయింది.

ఈ క్రోమోజోముల లెక్క మీరే చూడాలంటే బతికున్న చేపపిల్లనే తీసుకోవాలి. మార్కెట్లో ఐసు మీది చేప పనికిరాదు, అందులో కణవిభజన ఆగిపోయి ఉంటుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని (కణవిభజనను మధ్యలో ఆపే కొల్చిసిన్ విషం) 100 గ్రాముల బరువుకు 1 మి.లీ. చొప్పున 0.05% కొల్చిసిన్ ఎక్కించి, గాలి ఆడే తొట్టిలో రెండు మూడు గంటలు ఉంచండి. తర్వాత తల దగ్గరి కిడ్నీ తీసి, 0.56% పొటాషియం క్లోరైడులో చిదిపి, కణాలు ఉబ్బేదాకా 25 నిమిషాలు ఆగండి. ఎక్కువ మంది విద్యార్థులు బోల్తాపడేది ఇక్కడే. తొందరపడితే క్రోమోజోములు ముద్దగా ఉండిపోతాయి, ఆలస్యమైతే కణాలు పగిలి ఒకదాని క్రోమోజోములు పక్కదానితో కలిసిపోతాయి. మన మే నెల వేడిలో కణాలు త్వరగా ఉబ్బుతాయి, 20 నిమిషాలకే ఒక చుక్క చూడండి. మూడు పాళ్లు మిథనాల్‌కు ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం ఏ రోజుకారోజు కలుపుకుని, కణాలను అందులో ఉంచి, ఆ ద్రవాన్ని మూడుసార్లు మార్చాలి. చల్లటి స్లైడు మీద అడుగు ఎత్తు నుంచి చుక్క వేసి, ఆరాక జీమ్సా రంగు వేయండి. ఒక్క కణం చూసి తేల్చకండి, కనీసం 30 లెక్కపెట్టండి.

పాలీప్లాయిడీ (క్రోమోజోముల సెట్లు రెండు కంటే ఎక్కువ ఉండటం) అంటే గోధుమ ఒక్కటే చెప్పి వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. కందుకూరు పొలాల్లోని పొగాకుకు 48 ఉన్నాయి, అవీ 24 చొప్పున రెండు అడవి జాతుల నుంచి వచ్చినవే.

మరీ పాత రెట్టింపులు మాత్రం సంఖ్యలో దొరకవు. శీలావతి 50లోనే అంతకుముందటి రెట్టింపులు దాగున్నాయి. వాటికి జన్యువుల వరుస చూడాలి. ఒక్క జన్యువుకు రెండు నకళ్లున్నంత మాత్రాన సరిపోదు, దాని ఇరుగుపొరుగు జన్యువులు కూడా అదే క్రమంలో మరో క్రోమోజోము మీద కనబడాలి. వెన్నెముక లేని చిన్న సముద్రజీవి ఆంఫియోక్సస్‌లో హాక్స్ జన్యువుల (తల నుంచి తోక దాకా శరీర భాగాలను నిర్ణయించేవి) వరుస ఒక్కటే. మనలో 2, 7, 12, 17 క్రోమోజోముల మీద అలాంటి వరుసలు నాలుగున్నాయి, అంటే ఒకటి రెండై, రెండు నాలుగయ్యాయి. హాక్స్ జన్యువులు 13 రకాలు, నాలుగేసి చొప్పున 52 ఉండాలి. కాలక్రమంలో కొన్ని పోగా మిగిలినవి 39.